కరెంటు స్తంభం మీద ఏ తీగ ఎవరిది?

హనుమకొండ, వరంగల్, కాజీపేట గల్లీల్లో కరెంటు స్తంభాలకు వేలాడే తీగల్లో చాలావరకు కరెంటువి కావు. ఇంటర్నెట్ కేబుళ్లు, టీవీ కేబుళ్లు, కనెక్షన్ పోయినా తీయని ల్యాండ్‌లైన్ వైర్లు, పోలీసు కెమెరాల వైర్లు, పక్కన ఏదో కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ, దాని వెనక టులెట్ బోర్డు. వీటి మధ్యలో అసలు కరెంటు ఎక్కడుందో కనిపెట్టడం తేలిక కాదు. నయీంనగర్, కిషన్‌పుర లాంటి హాస్టళ్ల ఏరియాల్లో కొన్ని స్తంభాల మీద లైన్‌మన్‌కు నిచ్చెన ఆనించే చోటు కూడా దొరకదు.

జనం మామూలుగా రెండు గుర్తులు పెట్టుకుంటారు. తీగకు నల్లటి తొడుగు ఉంటే ఫర్వాలేదు, లేకపోతే ప్రమాదం. లావుగా ఉంటే పెద్ద కరెంటు, సన్నగా ఉంటే చిన్నది. రెండూ పనికిరాని గుర్తులే. నల్ల తొడుగు లోపల ఇంటర్నెట్ ఫైబర్ ఉండొచ్చు, ఇంటికొచ్చే 230 వోల్టులు ఉండొచ్చు, కొన్నిచోట్ల 11 వేల వోల్టులూ ఉండొచ్చు. లావు సంగతైతే పూర్తిగా తలకిందులు. తీగను స్తంభానికి పట్టి ఉంచిన సామాను మాత్రం అబద్ధం చెప్పదు. అక్కడ పింగాణీ ఉందా, ఉంటే ఎన్ని పళ్లేలున్నాయి, లేక ఇనుప కొక్కేనికి నేరుగా తగిలించారా అన్నది చూస్తే చాలా సంగతులు తెలిసిపోతాయి. వోల్టులు కంటికి కనిపించవు. ఆ వోల్టుల కోసం వదిలిన దూరం కనిపిస్తుంది.

పై వరుస

ఉత్తర తెలంగాణలో ఈ స్తంభాలు టీజీఎన్‌పీడీసీఎల్‌వి. హనుమకొండలో ప్రధాన కార్యాలయం ఉన్న ఈ సంస్థ ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, ఖమ్మం జిల్లాలకు కరెంటు ఇస్తుంది. 2000లో ఏపీఎన్‌పీడీసీఎల్‌గా మొదలై, రాష్ట్రం వచ్చాక టీఎస్‌ఎన్‌పీడీసీఎల్ అయింది, 2024లో పేరులో టీఎస్ పోయి టీజీ వచ్చింది. పాత బాక్సుల మీద, రేకుల మీద ఏ పేరు రాసి ఉందో చూస్తే ఆ సామాను వయసు కొంత అంచనా వేయొచ్చు. అంతకు ముందరి విద్యుత్ బోర్డు పేరు కనిపిస్తే అది కనీసం పాతికేళ్ల నాటి సరుకు.

సబ్‌స్టేషన్ నుంచి గల్లీ దాకా కరెంటు మెట్లు దిగుతూ వస్తుంది. పెద్ద సబ్‌స్టేషన్ నుంచి 33 కేవీ, అంటే 33 వేల వోల్టుల లైను చిన్న సబ్‌స్టేషన్‌కు వస్తుంది. అక్కడ 11 కేవీగా మారి ఫీడర్ల మీద ఊళ్లోకి బయలుదేరుతుంది. గల్లీలోని ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 433 వోల్టులకు దించుతుంది. ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల చిల్లర. ఒకే స్తంభం మీద రెండు మూడు రకాల లైన్లుంటే ఎక్కువ వోల్టులది ఎప్పుడూ పైనే ఉంటుంది. ఈ వరుసను తప్పించి కట్టరు.

లైను మలుపు తిరిగే చోట, లేదా ఆగిపోయే చోట తీగను గట్టిగా లాగి పట్టుకునేందుకు పళ్లేల్లాంటి డిస్క్ ఇన్సులేటర్లు వాడతారు. 11 కేవీకి సాధారణంగా ఒక్క డిస్క్, 33 కేవీకి మూడు. ఊరి బయట టవర్ల మీద పోయే 132 కేవీకైతే తొమ్మిది పది దాకా వరుసగా వేలాడతాయి. తీగ తిన్నగా పోయే స్తంభాల మీద డిస్క్‌ల బదులు నిలువుగా నిలబెట్టిన పిన్ ఇన్సులేటర్లుంటాయి, వాటి తల మీద తీగ కట్టి ఉంటుంది. 33 కేవీ పిన్ను 11 కేవీ పిన్ను కంటే ఎత్తు, లావు. ఈ మధ్య పింగాణీ స్థానంలో బూడిద రంగు పాలిమర్ కడ్డీలు వస్తున్నాయి. వాటిలో డిస్క్‌లు లెక్కపెట్టడానికి ఉండవు గాని, పొడవును బట్టి ఏ లైనో తెలిసిపోతుంది.

తీగలను లెక్కపెట్టడం మరో దారి. 11 కేవీ లైనులో మూడే ఉంటాయి, న్యూట్రల్ ఉండదు. వీ ఆకారంలోని ఇనుప క్రాస్ ఆర్మ్ రెండు కొసల మీద చెరొకటి, స్తంభం నెత్తి మీద ఒకటి, మూడూ కలిసి త్రికోణం. దాని కింద ఇళ్లకు కరెంటిచ్చే ఎల్‌టీ లైనులో నాలుగో అయిదో ఉంటాయి. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్, ఒకటి వీధి దీపాలకు. వీటికి చిన్న దారపు రీలు ఆకారంలో ఉండే పింగాణీ చాలు, దాన్నే షాకిల్ అంటారు. అడ్డంగా వరుసలో గాని, ఒకదాని కింద ఒకటిగా గాని కడతారు. రెండు స్తంభాల నడుమ వాటికి అడ్డంగా ప్లాస్టిక్ పుల్లలు కనిపిస్తే అవి స్పేసర్లు. గాలికి తీగలు ఒకదానికొకటి తగిలి నిప్పులు రాలకుండా పెట్టినవి. అవి ఎక్కువగా ఉన్నాయంటే అక్కడ లైను లూజుగా ఉందని అర్థం.

వీధి దీపాల తీగది వేరే తిరకాసు. పగలంతా అందులో కరెంటు ఉండకపోవచ్చు. సాయంత్రం స్విచ్ పడగానే పక్కనున్న ఫేజుతో సమానం అవుతుంది. పగలు పక్షి వాలినా కొమ్మ తగిలినా ఏమీ కాలేదు కదా అని ఆ తీగను చచ్చిన తీగగా లెక్కవేయకూడదు.

ఇప్పుడు లావు సంగతి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకుంటే, నిండా లోడు పడినప్పుడు 11 కేవీ వైపు ఒక్కో తీగలో పారేది అయిదు ఆంపియర్ల పైచిలుకు మాత్రమే. కింద 433 వోల్టుల వైపు అదే లోడుకు 133 ఆంపియర్లు పారాలి. తీగ లావు ఆంపియర్లను బట్టి ఉంటుంది, వోల్టులను బట్టి కాదు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ పైకి వెళ్లే తీగలు సన్నగా, కిందికి దిగే కేబుళ్లు బొటనవేలంత లావుగా కనిపిస్తాయి. సన్నటి తీగే మనిషిని దగ్గరికి రానివ్వనిది.

ఈ తీగలకు లైన్‌మన్లు వాడే పేర్లు సరదాగా ఉంటాయి. అల్యూమినియం పోగుల మధ్య ఉక్కు పోగు పెట్టిన తీగల సైజులకు జంతువుల పేర్లు పెట్టారు. స్క్విరల్ బాగా సన్నది, తర్వాత వీజల్, రాబిట్, ఇంకా పెద్దది డాగ్. పెద్ద లైన్లకు పాంథర్ కూడా ఉంది. స్క్విరల్ తీగ మీద నిజం ఉడుత ఎక్కి, ఒక కాలు తీగ మీద, ఒక కాలు ఇనుప క్రాస్ ఆర్మ్ మీద పెట్టిందంటే ఫీడరు మొత్తం ట్రిప్ అవుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ గద్దె

స్తంభం మీది సామాను అంతా ఒక్కచోట చూడాలంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడాలి, జాలీ బయట. రెండు స్తంభాల మధ్య అడ్డ కమ్మీలు వేసి నిలబెట్టినదైనా, సిమెంటు గద్దె మీద పెట్టినదైనా, 11 కేవీ కరెంటు దాంట్లోకి వచ్చే దారి ఒకటే.

మొదట ఏబీ స్విచ్, అంటే లైనును గాలిలో విడదీసే ఎయిర్ బ్రేక్ స్విచ్. పైన మూడు తీగలకు మూడు బ్లేడ్లు, వాటన్నిటినీ కలిపే పొడవాటి పైపు స్తంభం వెంట కిందికి దిగి, మనిషి నడుము ఎత్తులో ఒక పిడితో ఆగుతుంది. పిడికి తాళం ఉండాలి. పిడి కిందికి లాగితే మూడు బ్లేడ్లూ ఒకేసారి విడిపోవాలి. పాతబడ్డ స్విచ్చుల్లో రెండు విడిపోయి మూడోది అతుక్కునే ఉంటుంది. పిడి మాత్రం కిందికి వచ్చేసి ఉంటుంది. పల్లెల్లో మోటర్ల ఫ్యూజు పోయిందని తామే ఎక్కి వేసుకోబోయి రైతులు ప్రాణాలు పోగొట్టుకునే ప్రమాదాల్లో ఈ మూడో బ్లేడుది పెద్ద చెయ్యి. పిడి స్థానం చూసి లైను ఆగిపోయిందనుకోవడం సరిపోదు. శిక్షణ ఉన్న లైన్‌మన్ కూడా పైకి చూసి బ్లేడ్లు విడిపోయాయని నిర్ధారించుకుని, సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైను ఆపామన్న అనుమతి) తీసుకుని, తీగలను ఎర్త్ చేశాకే చెయ్యి పెడతాడు. ఎక్కడో ఒక ఇంట్లో జనరేటర్‌ను తప్పుగా కలిపి ఉంటే ఆ కరెంటు వెనక్కి ప్రయాణించి, ఇదే ట్రాన్స్‌ఫార్మర్‌లో మళ్లీ 11 కేవీగా పైకి ఎక్కగలదు.

స్విచ్ తర్వాత హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజులు. ఒక్కో ఫేజుకు ఎదురెదురుగా రెండు కొమ్ములు, వాటి మధ్య సన్నటి ఫ్యూజు తీగ. ఎక్కువ కరెంటు పారి ఆ తీగ కాలిపోతే మధ్యలో పుట్టిన నిప్పు కొమ్ముల వెంట పైకి పాకి, సాగి సాగి తెగిపోతుంది. కొమ్ములు అలా వంచింది అందుకే. కింద నిలబడి చూస్తే ఏ ఫేజు ఫ్యూజు పోయిందో కనిపిస్తుంది. కాలనీలో కొన్ని ఇళ్లకు కరెంటుండి, కొన్నింట్లో బల్బు మినుకుమినుకుమంటుంటే చూడాల్సిన మొదటి చోటు ఇదే. ఫిర్యాదులో ఆ మాట చెప్పగలిగితే లైన్‌మన్‌కు సగం పని తప్పుతుంది.

పక్కనే ఇన్సులేటర్లను పోలిన మరో మూడు పొట్టి కడ్డీలుంటాయి. అవి పిడుగుల నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడే లైట్నింగ్ అరెస్టర్లు. తేడా తెలుసుకోవడానికి దాని కింది కొసను చూడాలి. ఇన్సులేటర్ అడుగు ఇనుప కమ్మీకి బిగించి ఊరుకుంటారు. అరెస్టర్ అడుగు నుంచి ఒక తీగ బయలుదేరి నేలలోకి దిగుతుంది. ఆ తీగ దొంగలు కోసుకుపోయినా, తుప్పు పట్టి తెగినా అరెస్టర్ అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు.

ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిన మూడు ఎత్తైన పింగాణీ బుషింగులు 11 కేవీవి, పక్కన నాలుగు పొట్టివి కింది వోల్టేజీవి, నాలుగోది న్యూట్రల్. ఆయిల్ డ్రమ్ము ఉన్న వాటికి ఒక చిన్న గాజు డబ్బా వేలాడుతుంది, లోపల గింజలు. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి చల్లారినప్పుడు పీల్చే గాలిలోని తేమను ఆ సిలికా జెల్ పట్టేస్తుంది. పొడిగా ఉంటే నీలం, తేమ నిండితే గులాబీ. వానాకాలం మొదలయ్యేసరికే గులాబీ రంగుకు తిరిగి ఉంటే ఆయిల్‌లోకి తేమ పోతోందన్నమాట.

గద్దె చుట్టూ కనిపించే ఇనుప పట్టీలు ఎర్తింగ్‌వి. ఒకటి న్యూట్రల్‌కు, ఒకటి డబ్బా శరీరానికి, ఒకటి అరెస్టర్లకు. జాలీకి బట్టలారేయడం, గద్దె పక్కన చెత్త తగలబెట్టడం, గేదెను స్టే వైరుకు కట్టేయడం లాంటివి ఈ పట్టీలు గట్టిగా ఉన్నాయన్న నమ్మకం మీద జరిగే పనులు. స్టే వైరు అంటే స్తంభం ఒరగకుండా ఏటవాలుగా నేలకు లాగి కట్టిన ఉక్కు తాడు. దాని మధ్యలో కోడిగుడ్డంత పింగాణీ ముక్క ఉండాలి. పైభాగానికి పొరపాటున ఫేజు తగిలినా కరెంటు కింది భాగానికి దిగకుండా ఆపేది ఆ ముక్కే. ఆ పింగాణీ లేని స్టే వైరు కనిపిస్తే ఫిర్యాదు చేయాల్సిందే.

పొలాల్లో ఇంకో సంగతి ఉంది. ఒకప్పుడు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకచోట పెట్టి, అక్కడి నుంచి ఎల్‌టీ తీగలను బావుల దాకా లాగేవాళ్లు. తర్వాత హెచ్‌వీడీఎస్ పద్ధతి వచ్చింది. 11 కేవీ లైనునే పొలాల్లోకి తెచ్చి, నాలుగైదు మోటర్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను స్తంభానికే తగిలిస్తారు. నష్టాలు తగ్గాయి, కొండీలు తగ్గాయి. అయితే పాత అలవాటు కొద్దీ గట్టు మీది తీగను మోటరు తీగగా లెక్కేసే వాళ్లకు ప్రమాదం పెరిగింది. మూడే తీగలు, త్రికోణం, న్యూట్రల్ లేదు అంటే అది పొలం మధ్యలో ఉన్నా 11 కేవీయే. బోరు పైపులను నిలువుగా ఎత్తేటప్పుడు, వరికోత మిషన్‌ను గట్టు దాటించేటప్పుడు ముందుగా చేయాల్సింది తీగలు లెక్కపెట్టడమే.

నల్ల తీగల గందరగోళం

ఇరుకు గల్లీల్లో తొడుగు లేని తీగల బదులు ఏబీ (ఏరియల్ బంచ్డ్) కేబుల్ వేస్తున్నారు. నల్లటి తొడుగున్న మూడు నాలుగు తీగలు జడలా పేనుకుని ఒకే కట్టగా పోతుంటాయి, వాటిలో ఒకటి బరువు మోసేది. స్తంభం దగ్గర దాన్ని లావు క్లాంపు పట్టుకుని ఉంటుంది, మిగతావి దాని చుట్టూ వదులుగా ఉంటాయి. పేనిన జడ కనిపించిందంటే అది కరెంటే, సాధారణంగా ఎల్‌టీ, ఇంటర్నెట్ కేబుళ్లను ఎవరూ అలా పేనరు. దీని ప్రమాణం ఐఎస్ 14255, తొడుగు మీద 1100 వోల్టులు అని అచ్చు ఉంటుంది. ఆ తొడుగు ఎండకూ వానకూ తట్టుకునేదే గాని, చేత్తో పట్టుకోమని ఇచ్చిన హామీ మాత్రం కాదు. సర్వీసు కనెక్షన్ల కోసం గుచ్చిన చోట్ల, కోతులు ఊగి ఊగి రాపిడి పెట్టిన చోట్ల లోపలి లోహం బయటపడి ఉండొచ్చు. వరంగల్‌లో కోతుల బెడద తెలిసిందే. వాటికి అన్ని కేబుళ్లూ ఒక్కటే.

అరుదుగా 11 కేవీని కూడా తొడుగున్న కేబుల్‌లో తీసుకెళ్తారు. రోడ్డు కింద నుంచి వచ్చిన 11 కేవీ కేబుల్ ఇనుప పైపులోంచి స్తంభం ఎక్కి, పైన మూడు వేళ్లుగా విడిపోతుంది. ఆ వేళ్లకు ఇటుక రంగు తొడుగు, దాని మీద చిన్న చిన్న గొడుగులుంటాయి. ఆ గొడుగులున్నాయంటే ఇన్సులేటర్ అవసరమైనంత వోల్టేజీ ఉన్నట్టే.

సర్వీసు వైరును గుర్తుపట్టడం సులువు. స్తంభం నుంచి ఒక ఇంటి గోడ దాకా పోయి మీటరు దగ్గర ఆగుతుంది. వెంట ఒక జీఐ తీగ ఉంటుంది, బరువు దాని మీద ఉంటుంది. ఇంటి వైపు కొసను చూస్తే అనుమానం తీరిపోతుంది. మీటరు బోర్డులోకి దూరితే కరెంటు, కిటికీలోంచో గోడ కన్నంలోంచో హాల్లోకి దూరితే ఇంటర్నెట్ లేదా టీవీ.

ఇక కరెంటు కాని తీగలు. ఇవి ఎల్‌టీ లైనుకు కింద, స్తంభం మధ్యభాగంలో గుంపుగా ఉంటాయి. పింగాణీ ఉండదు. ఇనుప కొక్కేనికో, ప్లాస్టిక్ టై తోనో, ఒక్కోసారి పాత కేబుల్ ముక్కతోనో కట్టేసి ఉంటాయి.

టీవీ వాళ్ల పాత కోయాక్సియల్ కేబుల్ చిటికెన వేలంత గుండ్రంగా ఉండి, మధ్యమధ్యలో అల్యూమినియం డబ్బాల్లోకి దూరి బయటికొస్తుంది. ఆ డబ్బాలు యాంప్లిఫయర్లు, సిగ్నల్‌ను పెంచేవి. మరలు బిగించిన మూత, వేడి పోవడానికి గీతలు గీతలుగా ఉండే వీపు వాటి గుర్తు. వీటికి కావాల్సిన కరెంటును అదే కేబుల్ గుండా పంపుతారు, 60 నుంచి 90 వోల్టుల ఏసీ. కాబట్టి టీవీ వైరే కదా అని తెగిన కొసను పట్టుకోకూడదు. సిగ్నల్ ఫైబర్‌లోకి మారాక ఈ సరుకులో చాలా భాగం పనికిరాకుండా పోయింది. అయినా స్తంభాల మీద అలాగే ఉంది. తీయడానికి అయ్యే కూలీ కేబుల్ విలువ కంటే ఎక్కువ పడుతుంది మరి.

ఫైబర్ కేబుల్ సన్నగా నున్నగా నల్లగా ఉంటుంది. ఊరి మధ్య పోయే మెయిన్ కేబుల్ గుండ్రంగా, ఇంటికొచ్చే డ్రాప్ కేబుల్ చదునుగా ఉంటుంది. స్తంభానికి చుట్టలు చుట్టలుగా కట్టిన కేబుల్ కనిపిస్తే అది దాదాపు ఫైబరే. తెగినప్పుడు అతికించడానికి కొన్ని మీటర్లు అదనంగా వదిలిపెడతారు. దాని పక్కనే నల్లటి ప్లాస్టిక్ జాయింట్ డబ్బా ఉంటుంది. చిన్న తెల్ల డబ్బాలోంచి ఎనిమిదో పదహారో సన్నటి తీగలు నలువైపులా పోతుంటే అది స్ప్లిటర్, ఒక ఫైబర్‌లోని వెలుతురును ఇళ్లకు పంచేది. దాంట్లోకి కరెంటు అక్కర్లేదు. లోపల పారే వెలుతురు 1310, 1490 నానోమీటర్లది, కంటికి కనిపించదు. వెలుగు కనిపించడం లేదని తెగిన కొసను కంటి దగ్గర పెట్టి చూడటం మంచిది కాదు.

ల్యాండ్‌లైన్ వైర్లు ఇప్పుడు తక్కువ. స్తంభానికి బిగించిన చిన్న డీపీ పెట్టెలోంచి రెండు పోగుల సన్నటి నల్ల వైర్లు ఇళ్ల మీదికి పోతుంటే అవే. వాటిలో 48 వోల్టుల డీసీ, రింగు వచ్చేటప్పుడు ఇంకొంత.

చౌరస్తాల్లో స్తంభాల మీది కెమెరాలు, వాటి కింద తాళం వేసిన పెట్టె పోలీసులవో, కాలనీ కమిటీలవో అయ్యుంటాయి. ఆ పెట్టెలో 230 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. వీధి దీపాలను గుంపుగా వెలిగించి ఆర్పే సీసీఎంఎస్ పెట్టెలు కార్పొరేషన్‌వి, వాటిలో ఒక మీటరు, ఒక చిన్న యాంటెన్నా కనిపిస్తాయి. తెల్లగా, పలకలాగా ఉండి లావు కేబుళ్లు దిగని యాంటెన్నా డబ్బాలు మొబైల్ సంస్థల చిన్న సెల్‌లు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద 2025 జనవరి 1 నుంచి అమలైన రైట్ ఆఫ్ వే నియమాల్లో స్తంభాల వంటి వీధి సామానును వీటికి వాడుకునే వీలు ఉంది. అంటే ముందుముందు స్తంభాల మీద డబ్బాలు పెరిగేవే తప్ప తగ్గేవి కావు.

ప్రమాదం లేని తీగలోకి ప్రమాదం వచ్చే దారి

ఫైబర్ గాజు, గాజులో కరెంటు పారదు. ఈ మాట నిజమే గాని, స్తంభాల మీద దీన్ని నమ్ముకుంటే ప్రాణానికి ముప్పు. గాజు పోగు తన బరువు తాను మోయలేదు. అందుకే చాలా డ్రాప్ కేబుళ్లలో పక్కనే ఒక ఉక్కు తీగ ఉంటుంది. టీవీ కేబుల్‌లో మధ్యన రాగి పూత తీగ, పైన అల్యూమినియం జల్లెడ, చాలా వాటికి మోసే ఉక్కు తీగ కూడా. ఈ ఉక్కు తీగలు స్తంభం నుంచి స్తంభానికి, అక్కడి నుంచి ఇంటి గ్రిల్లు దాకా తెగకుండా పోతాయి. ఎక్కడో ఒకచోట సర్వీసు వైరు తొడుగు అరిగి దీనికి తగిలితే, వంద మీటర్ల అవతల నేలకు వేలాడుతున్న ఇంటర్నెట్ వైరు కూడా ఫేజు తీగే. చివర కరెంటు పరికరం ఏదీ లేదు కాబట్టి ఎవరింట్లోనూ ఏదీ ఆగిపోదు, ఫ్యూజు పోదు, ఎవరూ ఫిర్యాదు చేయరు.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయాక స్తంభాల మీది కేబుళ్ల తొలగింపు పెద్ద ఎత్తున మొదలైంది. ఇంటర్నెట్ నిలిచిపోయి, వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. అనుమతి ఉన్న కేబుల్ ఏది, లేనిది ఏది అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా ముందుకొచ్చింది. కింద నిలబడి చూస్తే రెండూ ఒకేలా నల్లగా ఉంటాయి.

వినాయక నిమజ్జనాల్లో విగ్రహం ముందు ఒకరు పొడవాటి కర్రతో అడ్డొచ్చిన తీగలను పైకెత్తుతూ పోవడం ప్రతి ఊళ్లో కనిపించేదే. ఎత్తేది ఇంటర్నెట్ వైరేలే అన్న ధీమా ఉంటుంది. కాని కింది కేబుళ్లను పైకెత్తడమంటే వాటిని ఎల్‌టీ తీగల దగ్గరికి నెట్టడమే. పైగా వానలో తడిసిన వెదురు కరెంటును ఆపదు. విగ్రహం ఎత్తును లెక్కవేసేటప్పుడు చూడాల్సిన కొలతలు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) భద్రతా నిబంధనల్లో ఉన్నాయి. రోడ్డుకు అడ్డంగా పోయే ఎల్‌టీ తీగ కనీసం 5.8 మీటర్ల ఎత్తులో, 11 కేవీ తీగ 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలి. రోడ్డు వెంట పోయేవైతే 5.5, 5.8 మీటర్లు. ఇవి తీగ కట్టిన రోజు లెక్కలు. ఆ తర్వాత సీసీ రోడ్డు మీద ఇంకో సీసీ రోడ్డు పడింది, ఎండకు తీగ సాగింది, స్తంభం కాస్త ఒరిగింది. నేల ఎత్తు పెరిగిన ప్రతి జానెడూ ఆ లెక్కలోంచి పోయినట్టే. ఇంటర్నెట్ కేబుళ్లు ఎంత ఎత్తులో ఉండాలో చూసుకునే నాథుడు అసలే తక్కువ.

ఇళ్ల విషయంలోనూ ఇదే. ఎల్‌టీ తీగకూ గోడకూ మధ్య పక్కవాటుగా 1.2 మీటర్లు, డాబా పైన నిలువుగా 2.5 మీటర్లు ఉండాలి. 11 కేవీకైతే పక్కన 1.2, పైన 3.7 మీటర్లు. 33 కేవీకి పక్కన 2 మీటర్లు. రెండో అంతస్తు వేశాక బాల్కనీ నుంచి చెయ్యి చాపితే అందే తీగలు చాలా కాలనీల్లో ఉన్నాయి. తీగ ముందే ఉంది, ఇల్లు దాని దగ్గరికి వెళ్లింది. ఆ తీగకు ప్లాస్టిక్ పైపు తొడిగించుకుంటే సరిపోతుందనుకోవడం మరీ ప్రమాదం.

తెగిపడ్డ తీగ దగ్గర ఈ గుర్తింపు విద్య ఏదీ పనిచేయదు. అది దేనికి వేలాడుతోందో చూద్దామంటే ఇప్పుడు వేలాడటం లేదు. పడిన ప్రతి తీగలోనూ కరెంటు ఉన్నట్టే లెక్క. 11 కేవీ తీగ ఎండిన నేల మీదో తారు రోడ్డు మీదో పడితే నేలలోకి పారే కరెంటు చాలా తక్కువ, సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడకపోవచ్చు. పడినా, లైను బాగుందేమోనని ఒకసారి మళ్లీ ఛార్జ్ చేసి చూడొచ్చు. తీగ పడిన చోటు నుంచి నేల మీద వోల్టేజీ దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. రెండు కాళ్ల మధ్య ఎడం ఎక్కువుంటే ఆ తేడా ఒంట్లోంచి పారుతుంది. దగ్గర్లో చిక్కుకుంటే కాళ్లు ఎడం చేయకుండా, నేలకు ఆనించి జరుపుతూ వెనక్కి రావాలి. పశువుల ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ ఎడం ఎక్కువ, అందుకే అవి త్వరగా బలవుతాయి. 2023 జూలై వరదల్లో హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగినట్టు నీళ్లు నిలిచినప్పుడు ఈ దూరాల లెక్కే ఉండదు, తెగిన తీగ నీళ్లలో కనిపించదు కూడా.

ఎవరికి చెప్పాలి

కరెంటు తీగ, ట్రాన్స్‌ఫార్మర్, స్టే వైరు, షాకు కొట్టే స్తంభం అయితే 1912. ఫోన్ చేసేటప్పుడు గల్లీ పేరు కంటే స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎస్ఎస్ అన్న అక్షరాలతో ఉండే నంబరు చెబితే మేలు. కరెంటు వాళ్ల రికార్డుల్లో చిరునామా అదే. డేంజర్ బోర్డు మీద వోల్టులు కూడా రాసి ఉంటాయి. 440 అని ఉంటే ఎల్‌టీ, 11 వేలు, 33 వేలు అని ఉంటే పై లైన్లు. బోర్డు మీద పుర్రె బొమ్మ పెయింటు పోయినా అంకెలు చాలాచోట్ల మిగిలే ఉంటాయి. వీధి దీపం, దాని పెట్టె అయితే కార్పొరేషన్‌కు.

చిక్కంతా వేలాడే నల్ల కేబుళ్లతోనే. ఇంటర్నెట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే అది తమది కాదంటారు, చాలాసార్లు నిజంగానే కాదు. ముట్టుకోకుండా తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ఫైబర్ కేబుల్ తొడుగు మీద ప్రతి మీటరుకూ తెల్ల అక్షరాల్లో అచ్చు ఉంటుంది. తయారు చేసిన కంపెనీ, ఎన్ని ఫైబర్లు, ఏ సంవత్సరం, మీటరు అంకె, చాలాసార్లు కొన్న సంస్థ పేరు కూడా. 24ఎఫ్ అని ఉంటే ఇరవై నాలుగు పోగుల మెయిన్ కేబుల్, అది తెగితే కాలనీలే ఆగిపోతాయి. ఒకటో రెండో అని ఉంటే ఒక్క ఇంటి డ్రాప్. ఫోన్ కెమెరా జూమ్ చేసి ఫొటో తీస్తే దూరం నుంచే చదవొచ్చు. అచ్చు చెరిగిపోతే జాయింట్ డబ్బా మీద ట్యాగు కోసం చూడాలి. ట్యాగూ లేని కేబుల్‌ను సొంతంగా కోసేయడానికి కాలనీ వాళ్లకు గాని, కేబుల్ కుర్రాళ్లకు గాని అధికారం లేదు. స్తంభం ఎవరిదో వాళ్లే తీయించాలి. అంటే ఆ ఫిర్యాదు కూడా చేరాల్సింది సెక్షన్ ఏఈ ఆఫీసుకే, స్తంభం నంబరు, ఫొటోతో కలిపి, రాతపూర్వకంగా.